వంటింటి అరలకు నాపబండా, ప్లైవుడ్డా, అల్యూమినియమా?

కడప జిల్లాలో ఇల్లు కట్టుకునేవారికి గోడలు లేచేదాకా పెద్దగా సందేహాలు ఉండవు గానీ, వంటింటి అరల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. పెద్దవాళ్లు నాపబండ అంటారు, పిల్లలు మాడ్యులర్ అంటారు, అంటే ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించే చెక్క పెట్టెలు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి లారీలకెత్తి దూరప్రాంతాలకు పంపే ఈ నల్లరాయిని మహారాష్ట్రలో 'కడప్పా' అని మన ఊరి పేరుతోనే పిలిచి వంటగట్టులకు వేసుకుంటుంటే, రాయి పుట్టిన చోట మాత్రం దాన్ని పాతకాలపు సరుకుగా చూసి, బెంగుళూరు నుంచి వచ్చిన చెక్క పెట్టెలకు నాలుగింతలు ఖర్చు పెట్టడం కనిపిస్తోంది. ఇందులో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఒక్క మాటలో తేల్చలేము. కడపలో మా ఇంటి వంటగది రెండోసారి కట్టించుకున్నప్పుడు నాకు అర్థమైనదేమిటంటే, వంటింటికంతటికీ ఒకే సరుకు ఎంచుకోవాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ధరతో మొదలుపెడితే పోలిక దారి తప్పుతుంది, ఎందుకంటే చదరపు అడుగుకు ఇంత అని చెప్పే లెక్కలో బండకు కోత, పాలిష్, బేల్దారి కూలి కలవవు, ప్లైవుడ్‌కు బిజాగరీలు, సొరుగుల పట్టాలు, అంచు పట్టీలు కలవవు. అంతకంటే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఆ అర దగ్గరికి నీళ్లు ఎంత వస్తాయి, దాని మీద ఎంత బరువు పెడతాము, దాన్ని రోజుకు ఎన్నిసార్లు తాకుతాము అన్నవే ఆ మూడు. సింకు కింది అరకు, పొయ్యి పక్క అరకు, పండక్కి తప్ప దించని ఇత్తడి బిందెలు పెట్టే సజ్జకు ఈ మూడింటి జవాబులూ వేరువేరుగా ఉంటాయి.

ముందు నాపబండ సంగతి. ఇది సున్నపురాయి. సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి కనుకనే పలకలుగా చీలుతుంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కడప, కర్నూలు రాళ్ల పొరల గురించి సవివరంగా రాశాడు, ఈ ప్రాంతపు సున్నపురాతిని ఇప్పటికీ నార్జి అనే పల్లె పేరుతోనే పిలుస్తారు. మన చుట్టుపక్కల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు కూడా ఇదే సమాధానం. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ కూడా సున్నపురాళ్లే, రంగులోనూ పొరల మందంలోనూ తేడా ఉంటుంది తప్ప వాటి స్వభావం ఒక్కటే. అందువల్ల వీటన్నింటికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది: పులుపు తగలకూడదు.

పులుపు మాట వినడానికి చిన్నదిగానే ఉంటుంది. మా పాత వంటగట్టు మీద ఒక రాత్రి పిండిన నిమ్మచెక్కను బోర్లించి మరచిపోయాము. పొద్దున దాన్ని తీసి చూస్తే, నల్లని మెరుపు మధ్యలో రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదైన గుండ్రని తెల్లమచ్చ ఉంది. వేలితో తడిమితే చుట్టూ నునుపుగా, అక్కడొక్కచోట సుద్దముక్కలా గరుకుగా తగిలింది. అది మరక కాదు, రాయే కరిగిపోయింది. తడిపితే కనిపించదు, ఆరితే మళ్లీ తేలుతుంది, తిరిగి పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. బెలుం గుహలు చూసినవారికి ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ దారులను తొలిచింది కూడా ఇలాంటి సున్నపురాతిని నెమ్మదిగా కరిగించిన పులుపు నీరే, కాకపోతే దానికి లక్షల ఏళ్లు పట్టింది, మా నిమ్మచెక్కకు ఒక్క రాత్రి చాలింది.

దీనికి మన బోరు నీళ్లు మరో మెలిక పెడతాయి. ఉప్పునీళ్లు ఆరిన చోట నల్లబండ మీద తెల్లని చారలు కడతాయి, వాటిని వదిలించడానికి చాలామంది వెనిగరో, బాత్రూము కడిగే యాసిడ్డో తెచ్చి రుద్దుతారు. ఆ చారలో ఉన్నదీ రాతిలో ఉన్నదీ ఎక్కువగా ఒకే సున్నపు పదార్థం కనుక, చారను తినే యాసిడ్ కింది రాతిని కూడా తింటుంది. చార పోయిందన్న సంతోషం రెండు నెలలు కూడా మిగలదు, ఎందుకంటే గరుకుదేరిన రాయి ఈసారి మరింత తొందరగా చార పట్టుకుంటుంది. బట్టల సబ్బు నీళ్లతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తడి తీసేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. కొందరు కొబ్బరినూనె పూసి నలుపు తెప్పిస్తారు. అది చూపుకు బాగానే ఉంటుంది గానీ పొయ్యి దగ్గర ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని బంకలా తయారవుతుంది.

కాబట్టి చింతపండు పిసికి, నిమ్మకాయలు కోసి, ఊరగాయ జాడీలు దించి పెట్టే వంటగట్టు పైభాగానికి గ్రానైటే మేలని నా అభిప్రాయం. అది వేరే జాతి రాయి, వంటింటి పులుపుకు చలించదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కావలసినంత వస్తుంది. అయితే అమ్మేచోట నల్ల గ్రానైటు పేరుతో పాలిష్ పట్టిన కడప బండను అంటగట్టే ప్రమాదం ఉంది కనుక, జేబులో ఒక నిమ్మకాయ వేసుకుని వెళ్లడం మంచిది. ఏదో ఒక మూల రెండు చుక్కలు వేసి పావుగంట ఆగి తుడిస్తే, మెరుపు చచ్చినది సున్నపురాయి, చావనిది గ్రానైటు.

గట్టు పైభాగం వదిలేస్తే, మిగిలిన అరలకు నాపబండను మించినది దొరకడం కష్టం. నీళ్లకు ఉబ్బదు, చెదలు తినవు, ఇరవై ఐదు కిలోల బియ్యం మూటను దబ్బున దించినా వంగదు. చెదపురుగులు రాతి మీదుగా పాకవని కాదు, పాకుతాయి. అయితే వాటి మట్టిదారి బండ మీద కళ్లకు కనబడుతుంది, చీపురుతో దులిపి మందు కొట్టవచ్చు. చెక్క పెట్టె వెనుక అయితే పలక బోలుగా మోగినప్పుడే తెలుస్తుంది. బండ అరల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచే అలవాటు మాత్రం మానుకోవాలి, ఎందుకంటే రాయి తినలేని చెదలకు ఆ కాగితమే భోజనం, దాని కింద బొద్దింకలకు నివాసం.

రాయి ఎంచుకునేటప్పుడు చూడవలసింది రంగు కాదు, శబ్దం. మా బేల్దారి మేస్త్రి బండలను గోడకు ఏటవాలుగా నిలబెట్టి, ఒక్కొక్కదాన్ని తాపీ పిడితో తట్టుకుంటూ పోయాడు. "ఇనమ్మా, ఇది పలుకుతాంది, అది పలకడం ల్యా" అని రెండింటిని పక్కన పెట్టించాడు. మొదటిది కంచులాగా ఖంగుమంది, రెండోది మట్టికుండ పగిలినట్టు బొదబొదమంది. ఆ రెండో దాని మీద బకెట్ నీళ్లు పోయించి ఆరేదాకా ఆగమన్నాడు. బండంతా ఆరిపోయినా ఒక మూల నుంచి వెంట్రుకంత సన్నని తడిగీత మాత్రం ఆరకుండా మిగిలింది. పగులు అక్కడుంది. బరువు పెట్టిన కొన్నాళ్లకు అది ఆ గీత వెంటే విరుగుతుందని ఆయన చెప్పనక్కరలేకుండానే తెలిసింది.

బండకున్న అసలు లోపం దాని సొంత బరువు. ఒక చదరపు అడుగు వైశాల్యం, ఒక అంగుళం మందం ఉన్న నాపబండ ఆరు కిలోలకు పైగా తూగుతుంది. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పున్న ఒక్క అర సుమారు 23 కిలోలు. అలాంటివి పది పెడితే గిన్నె ఒక్కటీ పెట్టకముందే గోడ మీద 230 కిలోలు పడినట్టు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఇదొక లెక్క కాదు గానీ, అపార్టుమెంట్లలో గదుల మధ్య కట్టే నాలుగున్నర అంగుళాల గోడలో గాడి కోసి బండ దూర్చడం తగదు. అక్కడ తప్పనిసరిగా బండే కావాలంటే నేల నుంచి నిలువు బండలు లేపి వాటి మీద ఆనించాలి, అప్పుడు బరువు గోడ మీద కాక నేల మీద పడుతుంది. ఆధారానికీ ఆధారానికీ మధ్య మూడడుగులకు మించి ఖాళీ వదలకుండా ఉండటం, ముందు అంచును గుండ్రంగా అరగదీయించడం కూడా మరవకూడదు. అంచు పదునుగా వదిలేసిన కింది అరకు మా అత్తగారి మోకాలు ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు.

ఇక ప్లైవుడ్. దీన్ని చిన్నచూపు చూడనవసరం లేదు, కాకపోతే ఏ ప్లైవుడ్డో తెలియకుండా కొనకూడదు. సాధారణ అవసరాలకు చేసే పలక మీద ఐఎస్ 303 అని, నీళ్లకు తట్టుకునే మెరైన్ రకం మీద ఐఎస్ 710 అని భారతీయ ప్రమాణాల ముద్ర ఉంటుంది. ఈ రెండో రకాన్ని 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది ప్రమాణం. వంటింటికి రెండోదే కావాలి. ముద్రలు ఎవరైనా కొట్టుకోవచ్చు కనుక, కోతలో మిగిలిన అరచేయంత ముక్కను అడిగి తెచ్చుకుని, పనికిరాని గిన్నెలో వేసి ఒక పూటంతా ఉడికించి చూడటం నయం. మేము అలా ఉడికించిన రెండు ముక్కల్లో ఒకటి రెండు గంటలు తిరగకముందే ముంజెకాయ విప్పినట్టు విచ్చుకుంది, నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరిగాయి. రెండోది సాయంత్రందాకా అలాగే ఉంది. రెండింటి మీదా ఒకే ముద్ర ఉండటమే విశేషం.

ఎంత మంచి పలకైనా ప్లైవుడ్‌కు చేటు దాని అంచుల నుంచే వస్తుంది. పైనా కిందా సన్‌మైకా అతికిస్తారు గానీ, గొట్టం పోయేందుకు వెనుకవైపు తొలిచిన రంధ్రపు అంచును ఎవరూ పట్టించుకోరు. సింకు నుంచి కారే ప్రతి చుక్కా అక్కడే చేరుతుంది. మా బంధువుల ఇంట్లో పేరున్న చోటనే చేయించిన పెట్టెలకు సింకు కింద రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగు పలక గిన్నె మూతలా పైకి ఉబ్బింది, తలుపు పట్టలేదు, తీసి చూస్తే అది ప్లైవుడ్ కూడా కాదు, రంపపు పొట్టును అదిమి చేసిన పార్టికల్ బోర్డు. బిల్లు మీద 'ఇంజనీర్డ్ వుడ్' అని రాసి ఉంది. ఆ మాట వినబడితే ఇంకేమీ అడగకుండా లేచి రావచ్చు. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ కూడా ఇదే కోవలోకి వస్తుంది, టీవీ బల్లకు సరిపోతుంది గానీ నీళ్లు ముట్టుకునే చోటుకు పనికిరాదు. ఈ పలకల జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది కనుక కొత్తలో కళ్లు మండించే వాసన వస్తుంది. మన మే నెల ఎండకు, మూసిన వంటింట్లో ఆ వాసన మరీ ఎక్కువవుతుంది.

అయినా సొరుగులు కావాలంటే చెక్క తప్పదు. చెంచాలు, గరిటెలు, పోపుల డబ్బా, కత్తిపీటలకు లోతైన బండ అర కంటే పట్టాల మీద జారే సొరుగు వెయ్యి రెట్లు సుఖం, వంగి చెయ్యి దూర్చి వెతుక్కునే పని ఉండదు, నడుము నొప్పి ఉన్నవారికి ఇది చిన్న మేలు కాదు. అందుచేత పొయ్యికీ సింకుకూ మధ్య పొడిగా ఉండే భాగంలో మూడు నాలుగు సొరుగులు మాత్రం మెరైన్ ప్లైవుడ్‌తో చేయించుకుని, వాటిని కూడా నిలువు బండల మధ్య ఖాళీలో కూర్చోబెట్టుకుంటే రెండు సరుకుల మంచీ దక్కుతుంది.

అల్యూమినియం చట్రాల గురించి చెప్పవలసింది తక్కువే. తుప్పు పట్టదు, చెదలు ముట్టవు, ఒక్కరోజులో బిగించి వెళ్తారు. పలకలు మాత్రం పలుచన, తలుపు వేసినప్పుడల్లా రేకు చప్పుడు, నాలుగు పప్పు డబ్బాలు ఒకచోట పెడితే నడుమ కుంగుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇదే సరైనది, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. పీవీసీ అనే ప్లాస్టిక్ పలకలు, చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్‌తో చేసే డబ్ల్యూపీసీ పలకలు నీళ్లకు భయపడవు గానీ వేడికి భయపడతాయి. పీవీసీ 70, 80 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది కనుక పొయ్యి పక్కన పెట్టిన తలుపు కొన్నాళ్లకు చాపలా వంకర తిరుగుతుంది. సింకు కింద తలుపులకు వాడుకోవచ్చు, పొయ్యి దరిదాపుల్లో వద్దు. పెట్టెల్లో స్టీలువి అన్నింటికంటే ఎక్కువ కాలం మన్నుతాయి, ఖరీదూ అంతే. వాటికి 304 రకం అడగాలి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చెప్పే మాటను నమ్మి కొనకండి, తక్కువ రకమైన 202కు కూడా అయస్కాంతం అంటుకోదు.

తలుపులు ఉండాలా, అరలు తెరిచి ఉంచాలా అన్నది సరుకు ఎంపికంత ముఖ్యమైన ప్రశ్న. ఆషాఢం గాలి రాయలసీమలో ఎలా ఉంటుందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు, కిటికీ ఒక్క గంట తెరిచి ఉంటే తెరిచిన అరలోని బోకులన్నీ మళ్లీ కడుక్కోవాలి. అలాగని అన్నింటికీ తలుపులు పెడితే లోపల చీకటి, ఉక్క, బొద్దింకలు. రోజూ వాడేవి ఎలాగూ రోజూ కడుగుతాము కనుక వాటికి తలుపు అక్కరలేదు, కంటి ఎత్తులో తెరిచిన బండ అర చాలు, పదీ పన్నెండు అంగుళాల లోతుకు మించకుండా ఉంటే డబ్బా వెనుక డబ్బా దాక్కోదు. వారానికోసారి తీసే రాగిపిండి, జొన్నలు, చెనక్కాయల డబ్బాలకు తలుపు ఉండాలి. సజ్జ మీద పెట్టే ఇత్తడి సామానుకు తలుపు కంటే పాత పంచె కప్పడమే తేలిక.

గ్యాస్ సిలిండర్ పెట్టే గూటి దగ్గర మాత్రం తలుపు విషయంలో రాజీ పడకూడదు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, కారితే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. గూటికి తలుపు పెట్టదలిస్తే కింది భాగంలో నేలకు ఆనుకుని గాలి పోయే చిల్లులు ఉండి తీరాలి. అందం కోసం అన్ని వైపులా మూసిన పెట్టెలో సిలిండర్ పెట్టించే పద్ధతి ఈమధ్య చాలా ఇళ్లలో చూస్తున్నాను, అది నాకు ఏమాత్రం నచ్చలేదు. రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి సులువుగా ఆడుతుందో లేదో కూడా నిండు సిలిండర్ పెట్టించి చూసుకున్నాకనే గట్టు ఎత్తు ఖాయం చేయాలి. ఆ ఎత్తు వంట చేసేవారి మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద ఉంటే సరిపోతుంది. కొలత తీసుకోవలసింది వంట చేసే మనిషిని నిలబెట్టి, మేస్త్రి నోటి లెక్కతో కాదు.

పదిహేనేళ్ల తర్వాత ఇవన్నీ ఏమవుతాయన్నది కొనేరోజు ఎవరికీ తట్టదు. మా పాత వంటిల్లు విప్పినప్పుడు బయటపడ్డ పదకొండు బండల్లో రెండే విరిగాయి. మిగిలినవాటిలో నాలుగు పెరట్లో బట్టలుతికే చోట పరుచుకున్నాము, ఒకటి తులసికోట ముందు మెట్టయింది, మిగతావి కొత్త వంటింట్లోనే కింది అరలకు తిరిగి పనికొచ్చాయి. అల్యూమినియం, స్టీలు అయితే పాత సామాన్ల బండివాడు తూకం వేసి డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోతాడు. సన్‌మైకా అతికించిన ప్లైవుడ్‌ను అతను ముట్టుకోడు. ఆ జిగురుకూ ఆ ప్లాస్టిక్ పొరకూ అది పొయ్యిలోకి కూడా పనికిరాదు, కాలిస్తే వచ్చే పొగ పీల్చదగినది కాదు. చివరికి అది ఊరి బయట చెత్తకుప్ప మీదికే చేరుతుంది.

సొంత స్థలంలో కింది అంతస్తు కట్టుకునేవారికి నా సలహా ఇది: గట్టు పైన గ్రానైటు, గట్టు కింద నిలువు బండలూ అడ్డ బండలూ, సింకు కింద డబ్ల్యూపీసీ తలుపు, పొడి భాగంలో మూడు నాలుగు మెరైన్ ప్లైవుడ్ సొరుగులు, కంటి ఎత్తులో తెరిచిన బండ అరలు రెండు వరుసలు. అపార్టుమెంటులో ఉన్నవారు గోడ మీది అరలకు బండ ఆశ వదులుకుని, అక్కడ మెరైన్ ప్లైవుడ్‌నో అల్యూమినియాన్నో ఎంచుకుని, గట్టు కింద మాత్రం బండ పెట్టుకోవచ్చు. అద్దె ఇంటివారికి విప్పుకునే చట్రాలు తప్ప వేరే ఆలోచన అనవసరం. వరుస కూడా ముఖ్యమే. బండలు గోడలకు పూత పూయకముందే దిగాలి, కరెంటు పాయింట్లు అంతకంటే ముందే గుర్తుపెట్టుకోవాలి, చెక్కపని రంగులయ్యాక రావాలి. ఇవి తారుమారైతే మిక్సీ ప్లగ్గు అర వెనుక చిక్కుకుంటుంది.

కొలతలు ఇచ్చే ముందు ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నెను, అది సంకటి కెలికే గిన్నె కావచ్చు, బిర్యానీ డేగిసా కావచ్చు, మూతతో సహా కొలుచుకోండి. మేము అది చేయక, మా పెద్ద దబరా అరలో అంగుళంన్నర తేడాతో పట్టక, ఆ అర ఎత్తును మళ్లీ కోయించవలసి వచ్చింది. సరిచేశాక అన్నింటికంటే కిందిది, నేలకు జానెడు ఎత్తులో ఒక అర మిగిలింది. అక్కడ ఏం పెట్టాలో మేము తేల్చుకునేలోపే ఏప్రిల్ వచ్చింది, చల్లటి బండ ఎక్కడుందో మా పిల్లికి తెలిసిపోయింది. ఇప్పుడు మధ్యాహ్నాలు అది అక్కడే పొట్ట ఆనించి పడుకుంటుంది, ఉల్లిగడ్డల బుట్ట మాత్రం నడవలోనే ఉండిపోయింది.